ఏరోడ్రమ్ కట్టిన ఏడు

మా అమ్మమ్మ చివరిదాకా గన్నవరంలో ఉన్నదాన్ని ఎయిర్‌పోర్ట్ అనలేదు. ఏరోడ్రమ్ అనేది. మేమంతా నవ్వేవాళ్లం. ఆ మాట ఆవిడకి ఒక చోటు పేరు మాత్రమే కాదు, కాలం కొలత కూడా. ఎవరి వయసైనా చెప్పాల్సొస్తే "ఏరోడ్రమ్ కట్టిన ఏడు వాడు పాకుతున్నాడు" అనేది, "ఏరోడ్రమ్ కట్టాక రెండేళ్లకి దాని పెళ్లయింది" అనేది. మిగతా ఊళ్లలో ముసలివాళ్లు గాలివాననో, పెద్ద వరదనో గుర్తుపెట్టుకుని సంవత్సరాలు లెక్కపెట్టినట్టే ఇదీ. ఆవిడ అన్న ఆ రోజుల్లో అక్కడ రాళ్లు మోశాడు. పదేళ్ల పిల్లగా అమ్మమ్మ మధ్యాహ్నం పూట ఆయనకి అన్నం గిన్నె పట్టుకెళ్లేది. పొలం పనికైతే కొలత గింజలు ఇచ్చేవాళ్లు, అక్కడ మాత్రం చేతిలో డబ్బులు పెట్టేవాళ్లు, అందుకని ఊళ్లో కోతలకి మనుషులు దొరికేవాళ్లు కాదు అని చెప్పేది. విమానాల గురించి మాత్రం ఎప్పుడూ పెద్దగా చెప్పలేదు. విమానం అమ్మమ్మకి ముఖ్యం కాదు. కూలీ ముఖ్యం.

నాకు ఈ కథ మీద ఆసక్తి పుట్టింది మాత్రం రెండక్షరాల వల్ల. విమానం టికెట్ మీద విజయవాడకి ఉండే కోడ్ వీజీఏ. అది ప్రయాణికుల కోసం. పైలట్లు, కంట్రోల్ టవర్ల వాళ్లు వాడుకునే కోడ్ వేరే ఉంటుంది: వీఓబీజెడ్. ముందున్న వీఓ దక్షిణ భారతదేశానికి గుర్తు. మిగిలిన బీజెడ్ ఏంటో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. రైల్వే స్టేషన్ కోడ్ ఇప్పటికీ బీజెడ్ఏ కదా. ఊరి పేరు మారి ఇన్నేళ్లయినా రైళ్లూ విమానాలూ ఇంకా బెజవాడకే వస్తున్నాయి. ఊరి పేరు బెజవాడగా ఉన్న రోజుల్లో, తెల్లదొరల సైన్యం కోసం వేసిన నేల అది అనే సంగతి ఆ రెండక్షరాల్లో తప్ప విమానాశ్రయంలో ఇంకెక్కడా కనపడదు. లోపల కూచిపూడి బొమ్మలు, కొండపల్లి బొమ్మలు, బుద్ధుడు ఉంటారు. యుద్ధం ఉండదు.

యుద్ధం గురించి మనకి స్కూల్లో చెప్పేదాంట్లో కోస్తా ఆంధ్ర ఒక్క రోజే వస్తుంది: 1942 ఏప్రిల్ 6. ఆ రోజు జపాన్ నౌకాదళానికి చెందిన ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ముందు రోజే కొలంబో మీద దాడి జరిగింది, మూడు రోజుల తర్వాత ట్రింకోమలీ మీద జరిగింది. ఆ వారంలో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వాణిజ్య నౌకలు మునిగిపోయాయి. నెల రోజుల కిందటే, మార్చి 8న, రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. రంగూన్ అంటే మనకి పరాయి ఊరు కాదు. కాకినాడ, విశాఖ ఓడరేవుల నుంచి తరాల తరబడి తెలుగు కూలీలు వెళ్లిన చోటు. అక్కడి నుంచి కాలినడకన, ఓడల్లో తిరిగొచ్చిన వాళ్లు తెచ్చిన కబుర్లకి ఏప్రిల్ బాంబులు తోడయ్యాయి. మద్రాసు సగం ఖాళీ అయింది. ప్రభుత్వ ఆఫీసులు లోపలి ఊళ్లకి తరలించారు. బాంబులు పడితే క్రూర మృగాలు తప్పించుకుంటాయేమోనని జంతుప్రదర్శనశాలలో వాటిని కాల్చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలేసి గుంటూరు వచ్చేసింది, యుద్ధం అయ్యేదాకా అక్కడే ఉంది.

అప్పటికి తూర్పు తీరాన్ని ఆకాశం నుంచి కాపాడటానికి ఉన్నది నామమాత్రం. భారత వైమానిక దళానికి తీర రక్షణ ఫ్లైట్లు ఆరు ఉండేవి. వాటిలో ఒకటి మద్రాసుకి, ఒకటి విశాఖపట్నానికి. పాత కాలపు రెండు రెక్కల విమానాలు, పోస్టల్ సర్వీసు నుంచి, ప్రయాణికుల సర్వీసుల నుంచి లాక్కొచ్చిన విమానాలు. ఈ బలంతో విమానవాహక నౌకలున్న వాళ్లని ఆపడం కుదిరే పని కాదు. అందుకే 1942లో దేశమంతటా రెండు వందలకు పైగా ఎయిర్‌ఫీల్డ్‌లు కట్టాలని పథకం వేశారు. ఎక్కువ భాగం అస్సాం, బెంగాల్‌ వైపు. కానీ కలకత్తాకీ మద్రాసుకీ మధ్య వెయ్యి మైళ్లుంది. మధ్యలో ఎక్కడో ఒకచోట దిగి పెట్రోలు పోసుకోకపోతే, చెడిపోతే బాగు చేసుకోకపోతే ఏ విమానమూ ఆ తీరం పొడుగునా తిరగలేదు. గన్నవరం, తాడేపల్లిగూడెం, దొనకొండ, ఇవన్నీ ఆ మధ్యలో ఊళ్లు.

ఈ ఊళ్లే ఎందుకు అని మ్యాప్ ముందు పెట్టుకుని చూస్తే సమాధానం దానంతటదే కనపడుతుంది. కృష్ణా డెల్టా నేల విమానానికి పనికిరాదు. ఏడాదిలో ఆరు నెలలు నీళ్లు నిలబడే వరిచేను, ఎండితే చెయ్యి పట్టేంత బీటలు తీసే నల్లరేగడి. అలాగని డెల్టాకి దూరం పోతే రోడ్డు లేదు, రైలు లేదు. గన్నవరం సరిగ్గా ఆ రెంటికీ మధ్య అంచు మీద ఉంది. మాగాణి అయిపోయి మెరక మొదలయ్యే చోటు. పక్కనే మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే ట్రంకు రోడ్డు, పక్కనే రైలు మార్గం, పక్కనే ఏలూరు కాలువ. కంకర, సిమెంటు, పెట్రోలు డ్రమ్ములు దేని మీద రావాలన్నా దారి ఉంది. తాడేపల్లిగూడెం కూడా అచ్చం ఇంతే. డెల్టాకీ మెట్టకీ మధ్య గీత మీద, అదే రోడ్డు, అదే రైలు. దొనకొండ కథ కొంచెం వేరు. అది డెల్టా కాదు, ఎండిన నేల. కానీ గుంటూరు నుంచి నంద్యాల వైపు పోయే మీటరు గేజి లైన్లో అది పెద్ద రైల్వే ఊరు, లోకో షెడ్డూ ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల కాలనీ ఉన్న ఊరు.

యుద్ధకాలంలో పెద్ద విమానాలు దిగే రన్‌వేకి ప్రామాణిక పొడవు 2000 గజాలు, వెడల్పు 50 గజాలు. అంటే పక్కల ఖాళీ స్థలం, ట్యాక్సీ దారులు, బాంబులు దాచే గిడ్డంగులు, సిపాయిల బారకాసులు కలుపుకోకుండానే, చదునుగా, గట్టిగా, వాన నీళ్లు నిలబడకుండా మైలుకి పైగా పొడుగు నేల కావాలి. దేశంలో యంత్రాలు తక్కువ. కాబట్టి ఈ పని మన దేశంలో చాలా వరకు గంపలతో జరిగింది. ఆనాటి ఫొటోలు చూస్తే ప్రతిదాంట్లోనూ అదే దృశ్యం: వెనక ఒక బాంబర్ విమానం, ముందు తల మీద రాళ్ల గంప పెట్టుకుని వరసగా నడిచే ఆడవాళ్లు. ఫొటో తీసినవాడికి ఆ తేడా తమాషాగా అనిపించి ఉంటుంది. నాకు మాత్రం మా అమ్మమ్మ అన్నం గిన్నె గుర్తొస్తుంది.

మరి భూమి? యుద్ధం రోజుల్లో భూమి తీసుకోవడం తేలిక. 1939 నాటి డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం కింద చేసిన నిబంధనల్లో 75-ఎ అని ఒకటి ఉంది. దాని ప్రకారం దేశ రక్షణకో, యుద్ధం సమర్థంగా నడపడానికో అవసరమనుకుంటే ప్రభుత్వం ఏ స్థిరాస్తినైనా, చరాస్తినైనా ఒక్క ఆర్డరుతో స్వాధీనం చేసుకోవచ్చు. పరిహారం తర్వాత లెక్క చూస్తారు. మామూలు భూసేకరణలో ఉండే నోటీసులు, అభ్యంతరాలు, విచారణలు ఇక్కడ లేవు. సరే, యుద్ధం కదా, అంతటా అంతే అనుకోవచ్చు. ఈ చట్టానికి ఇంకో ముఖం ఉంది. రిక్విజిషన్ అంటే అరువు. అవసరం తీరాక తిరిగివ్వాలి. కానీ రెండు అడుగుల మందాన రాయీ సిమెంటూ పరిచిన నేలని తిరిగిచ్చినా రైతు ఏం చేసుకుంటాడు? నాగలి దిగదు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మన ప్రభుత్వమే రిక్విజిషన్‌కీ, అలా తీసుకున్న ఆస్తిని శాశ్వతంగా సొంతం చేసుకోవడానికీ కలిపి ఒక కొత్త చట్టం చేసుకుంది. తెల్లవాళ్లు అరువుగా తీసుకున్నవాటిని ఏం చెయ్యాలనే చిక్కు పాలకులు మారినంత మాత్రాన తీరిపోలేదన్నమాట.

ఇంగ్లండులో కూడా ఇంతే జరిగింది, నిజానికి ఇంకా తెలివిగా. లండన్ పడమటి వైపు హీత్ రో అని కూరగాయల తోటలున్న చిన్న పల్లె ఉండేది. 1944లో యుద్ధకాలపు అత్యవసర అధికారాలు వాడి ఆ పల్లెని తీసుకున్నారు. పైకి చెప్పిన కారణం జపాన్ మీద యుద్ధానికి దూర ప్రయాణపు విమానాలు నడపాలని. నిజం కారణం యుద్ధం తర్వాత లండన్‌కి పెద్ద పౌర విమానాశ్రయం కావాలని. మామూలు చట్టం ప్రకారం పోతే బహిరంగ విచారణ జరపాలి, ఏళ్లు పడుతుంది. ఆ నాటకం నడిపిన వైమానిక శాఖ ఉపమంత్రి హెరాల్డ్ బాల్ఫర్ దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత, 1973లో, తన జ్ఞాపకాల్లో ఆ సంగతి తనే ఒప్పుకున్నాడు, అదీ కాస్త గర్వంగా. మన ఊళ్లలో అంత ముందుచూపు కుట్ర ఏమీ లేదు. ఇక్కడ భూమి నిజంగానే యుద్ధం కోసం తీసుకున్నారు. కానీ ఆఖరికి చేరిన చోటు ఒకటే.

రాదనుకున్న శత్రువు ఒక్కరోజు వచ్చాడు, వస్తాడనుకున్న శత్రువు మళ్లీ రాలేదు. డెల్టాలో నెత్తురు పడింది వేరే చోట. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఊపులో తెనాలి రైల్వే స్టేషన్ దగ్గర జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, ఏడుగురు చనిపోయారు. అక్కడ రణరంగ చౌక్ ఉంది, విగ్రహాలున్నాయి, ఏటా పూలదండలు వేస్తారు. అదే నెలల్లో బెజవాడలో కమ్యూనిస్టులు ఇది ఫాసిజం మీద ప్రజాయుద్ధం అంటూ సభలు పెడుతున్నారు. పెట్రోలు లేక బస్సులు బొగ్గు గ్యాసుతో నడుస్తున్నాయి, కిరసనాయిలు రేషను, రాత్రిళ్లు దీపాలకి నల్ల కాగితాలు. కాంగ్రెస్ వాళ్లకి ఈ యుద్ధం తమది కాదు. కమ్యూనిస్టులకి తమదే, కానీ తర్వాత్తర్వాత ఆ మాట చెప్పుకోవడం ఇబ్బందైంది. మధ్యలో ఎయిర్‌ఫీల్డ్‌లో రాళ్లు మోసినవాడు ఎవరి జెండా కిందకీ రాడు. అతను స్వాతంత్ర్య సమరయోధుడు కాదు, సైనికుడు కాదు, ద్రోహీ కాదు. రోజు కూలీ కోసం వెళ్లాడు. అందుకే అతని పేరు మీద చౌక్ లేదు. మన చరిత్ర రచనలో ఇది పెద్ద ఖాళీ అని నా అభిప్రాయం. శ్రీనాథ్ రాఘవన్, యాస్మిన్ ఖాన్ లాంటి వాళ్లు ఈ పదేళ్లలో ఇంగ్లీషులో ఆ యుద్ధంలో మామూలు భారతీయుల గురించి మంచి పుస్తకాలు రాశారు. తెలుగులో మనకి ఆ కాలం అంటే ఇప్పటికీ ఉద్యమమే.

యుద్ధం అయ్యాక ఒక్కో రన్‌వే ఒక్కో దారి పట్టింది. మద్రాసుకి ఉత్తరాన, మన నెల్లూరు వైపు దారిలో, షోలవరం ఎయిర్‌ఫీల్డ్ ఉంది. అక్కడ 1950ల నుంచి మూడున్నర దశాబ్దాల పాటు కారు రేసులు, మోటారు సైకిలు రేసులు నడిచాయి. ఇంగ్లండులో బాంబర్ల స్థావరం సిల్వర్‌స్టోన్ రేసు ట్రాక్ అయినట్టే. దొనకొండకి ఆ అదృష్టం కూడా పట్టలేదు. రన్‌వే అలా పడి ఉంది. పదేళ్లకోసారి ఎవరో వచ్చి కొలిచి వెళ్తారు, విమానాలు వస్తాయని పేపర్లో పడుతుంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కొత్త రాజధాని దొనకొండే అని కూడా కొన్నాళ్లు గట్టిగా వినపడింది. ప్రభుత్వ భూమి ఉంది, పాత రన్‌వే ఉంది, ఇంకేం కావాలి అన్నారు. భూముల రేట్లు లేచాయి, పడ్డాయి.

తాడేపల్లిగూడెంలో ఆ నేలని ఇప్పటికీ విమానాశ్రయ భూములు అంటారు. విమానం లేని విమానాశ్రయం. విభజన తర్వాత రాష్ట్రానికి కేంద్రం ఇచ్చిన సంస్థల్లో ఒకటైన ఎన్ఐటీ 2015లో ఈ ఊరికి వచ్చింది. దాని క్యాంపస్ కడకట్ల దగ్గర ఈ భూముల్లోనే లేచింది. ఒకప్పుడు బాంబర్లు ఎంత బరువుతో దిగొచ్చో లెక్కలు వేసిన నేల మీద ఇప్పుడు పిల్లలు ఇంజనీరింగ్ లెక్కలు చేస్తున్నారు. నేను వెళ్లిన సాయంత్రం మిగిలిన రన్‌వే ముక్క మీద వాకింగ్ చేసేవాళ్లూ, కారు నేర్చుకుంటున్న ఒక కొత్త పెళ్లికూతురూ, పక్క సీట్లో భయం భయంగా కూర్చున్న ఆమె మొగుడూ ఉన్నారు. ఇది ఏ కాలం నాటిదో తెలుసా అని ఒక పెద్దాయన్ని అడిగితే "బ్రిటిష్ వాళ్లదండీ, అందుకే ఇంకా పగల్లేదు" అన్నారు. మనకి గట్టిగా ఉన్నదేదైనా బ్రిటిష్ వాళ్లదే. దాన్ని మోసి పరిచినవాళ్లు మాత్రం పక్క ఊరివాళ్లే.

ఈ మూడింట్లో విమానాశ్రయంగా బతికింది గన్నవరం. బతికిందంటే కష్టంగా బతికింది. 1980ల్లో వాయుదూత్ చిన్న విమానాలు కొన్నాళ్లు తిరిగి ఆగిపోయాయి. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్ నుంచి విజయవాడకి సర్వీసు మొదలుపెట్టింది. ఆ తొలి విమానానికి హైదరాబాదులో లేస్తుండగానే ఇంజన్లో మంటలొచ్చాయి, అందులో వెంకయ్యనాయుడు కూడా ఉన్నారు. ఎవరికీ ఏం కాలేదు. మర్నాటి నుంచీ జనం భయపడకుండా టికెట్లు కొనడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. బెజవాడ వాళ్ల ధైర్యం అనుకోవాలి.

అసలు కథ 2014 తర్వాత. రాజధాని అమరావతి అన్నాక గన్నవరం ఒక్కసారిగా రాజధాని విమానాశ్రయం అయిపోయింది. ఉన్న రన్‌వే పొడవు 2286 మీటర్లు, పెద్ద విమానాలకి చాలదు. పెంచాలి. ఇక్కడే నాకు ఈ మొత్తం చరిత్రలో కీలకమనిపించే విషయం ఉంది. రన్‌వేని ఏ వైపు పడితే ఆ వైపు పెంచలేం. గాలివాటం చూసి ఒకసారి దిశ పెట్టాక, పెంచితే ఆ గీత మీదే, ముందుకో వెనక్కో పెంచాలి. గన్నవరం రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంటుంది. కాబట్టి దాని కొసల్లో ఎవరి పొలాలుంటే వాళ్లవే పోతాయి. యుద్ధం రోజుల్లో ఎవరో ఇంజనీరు మెరక నేల వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ దిగాలని అనుకున్నాడు. డెబ్బై ఏళ్ల తర్వాత బుద్ధవరం, కేసరపల్లి, అజ్జంపూడి రైతుల దగ్గరకి అధికారులు కాగితాలు పట్టుకొచ్చింది ఆ నిర్ణయం వెంటే. ఏలూరు కాలువ కూడా అడ్డమొచ్చింది. దాన్నీ పక్కకి మళ్లించారు. కాటన్ కాలం నుంచి తన దారిన పోతున్న నీళ్లని యుద్ధం జోలికొచ్చినవాళ్లు కూడా కదపలేదు.

ఈసారి 75-ఎ లేదు. ల్యాండ్ పూలింగ్ అన్నారు. సుమారు 700 ఎకరాలు. డబ్బుకి బదులు రాజధాని ప్రాంతంలో స్థలాలు ఇస్తామన్నారు. ఆ లెక్క మీద నమ్మకంతో ఇచ్చినవాళ్లలో మామూలు రైతులున్నారు, సినిమావాళ్లూ ఉన్నారు. 2017లో కొత్త టెర్మినల్ వచ్చింది, అంతర్జాతీయ హోదా వచ్చింది. 2018 డిసెంబర్లో సింగపూర్‌కి విమానం లేచింది, కొన్ని నెలలకి ఆగింది. 2019 చివర్లో మూడు రాజధానులు అన్నారు. అంతే, భూమికి మారుగా ఇస్తామన్న స్థలాల విలువ నేలకి దిగింది. 2020 సెప్టెంబర్లో నిర్మాత అశ్వనీదత్ తను ఇచ్చిన దాదాపు 40 ఎకరాలకి పరిహారం ఇవ్వాలని హైకోర్టుకి వెళ్లారు. అంత పేరున్న మనిషి కాబట్టి ఆ కేసు పేపర్లో పడింది. 2021లో 3360 మీటర్ల రన్‌వే వాడకానికి వచ్చింది, అప్పటికి రాష్ట్రంలో అన్నిటికన్నా పొడవైనది. అంటే రైతు ఇచ్చింది పని పూర్తి చేసింది, రైతుకి రావాల్సింది మాత్రం ఎన్నికల ఫలితాల మీద వేలాడింది. 2024లో ప్రభుత్వం మారి అమరావతి మళ్లీ లేచింది, స్థలాల రేట్లూ లేచాయి. ఆ ప్రమాణ స్వీకారం జరిగింది కూడా కేసరపల్లిలోనే, విమానాశ్రయం పక్కనే.

ఎయిర్‌పోర్ట్ వద్దా అని మావయ్య నన్ను నిలదీశాడు, ఇదంతా చెప్తుంటే. "హైదరాబాద్ నుంచి గంటలో వస్తున్నావు గదరా అబ్బాయ్, రైలైతే ఆరుగంటలు." నిజమే, నా దగ్గర సమాధానం లేదు. నేను అదే రన్‌వే మీద దిగి, అదే రన్‌వే గురించి వ్యాసం రాస్తున్నాను. నా బాధల్లా భూమి తీసుకున్నారని కాదు. 1942లో అవసరం యుద్ధం, 2015లో అవసరం రాజధాని, ప్రతిసారీ అది రేపటికల్లా కావాల్సిన అవసరమే. ఇచ్చినవాడికి చెప్పిన మాట మాత్రం మెల్లిగా వస్తుంది, ఒక్కోసారి రాదు.

ఇప్పుడు లెక్క తిరగబడి రోడ్లే రన్‌వేలవుతున్నాయి. కొరిశపాడు దగ్గర, పాత ట్రంకు రోడ్డే అయిన 16వ నంబరు జాతీయ రహదారి మీద, నాలుగు కిలోమీటర్ల ముక్కని యుద్ధ విమానాలు దిగేలా కాంక్రీటుతో కట్టారు. 2022 డిసెంబర్ చివర్లో వైమానిక దళం విమానాలు దాని మీదుగా కిందకి వచ్చి పైకి లేచి పరీక్షించాయి, 2024 మార్చిలో నిజంగానే దిగాయి. ట్రాఫిక్ పక్క రోడ్డుకి మళ్లించి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా గట్ల మీద చేరి ఫోన్లలో వీడియోలు తీశారు. 1942లో రోడ్డు పక్కన రన్‌వే వెతుక్కున్నారు, ఇప్పుడు రోడ్డు మీదే దింపుతున్నారు. మిగతా రోజుల్లో దాని మీద లారీలు పోతుంటాయి.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు కిటికీ సీటు దొరికింది. విమానం దిగుతుంటే ముందు కృష్ణ, తర్వాత బెజవాడ కొండలు, తర్వాత మళ్లించిన కాలువ, కొత్త గట్ల మధ్య ఇంకా మట్టిరంగుగానే ఉంది. చక్రాలు నేలని తాకగానే పక్కన కూర్చున్న పెద్దావిడ ఫోన్ తీసి ఇంటికి చేసింది. "ఆఁ, దిగిపోయానమ్మా. ఏరోడ్రమ్‌లోనే ఉన్నా" అంది.